నైట్ డ్యూటీలు వేస్తూ పోస్ట్ బేసిక్ (జీఎన్ఎం నర్సులు చేసే బీఎస్సీ) చదవాలనుంది, కానీ ఒళ్ళు సహకరించట్లేదు. సీనియర్ సిస్టర్లు ఎవరైనా దారి చెప్పండి

నాగావళి_గట్టు

అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం, ఊళ్ళోనే ఒక ప్రైవేట్ హాస్పిటల్ ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, అయి ఆరేళ్ళయింది, వయసు 28, బాబుకి నాలుగేళ్ళు. మా ఆయన ఆమదాలవలసలో రైస్ మిల్లులో గుమస్తా, ఇంట్లో అత్తమ్మ ఉంటారు, బాబుని పగలంతా ఆవిడే చూస్తారు.

మాకు నైట్ అంటే సాయంత్రం 8 నుంచి పొద్దున్న 8 దాకా. వరసగా ఏడు నైట్లు వేస్తే ఒక ఆఫ్, ఎవరైనా లీవ్ పెడితే ఆ ఆఫ్ కూడా పోతుంది. ఎనిమిది బెడ్లకి ఇద్దరం, అందులో రెండో మూడో వెంటిలేటర్ కేసులు ఎప్పుడూ ఉంటాయి. ఇలగే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను, కానీ ఈమధ్య నాకే నా మీద భయంగా ఉంది, అందుకే రాస్తున్నా.

మొన్న నాలుగో బెడ్డు మీద ఒక ముసలమ్మ, గార దగ్గర పల్లె నుంచి వచ్చింది, "అమ్మీ కూసిన్ని నీళ్ళు" అని మూడుసార్లు పిలిచింది. నేను అవతల ఇంకో పేషెంటుకి సక్షన్ చేస్తున్నాను, గొట్టంతో కఫం తీయడం. మూడోసారి పిలిచేసరికి "ఒకసారి చెప్తే అర్థం కాదా" అని గట్టిగా అరిచేశాను. ఆవిడ ఏమీ అనలేదు, పైకెత్తిన చెయ్యి మెల్లగా దించి దుప్పటి లోపల పెట్టేసుకుంది. తర్వాత వెళ్ళి స్పూనుతో నీళ్ళు పట్టాను, తాగింది, కానీ మళ్ళీ నన్ను ఏదీ అడగలేదు, తెల్లారేదాకా అడగలేదు. ఆ చెయ్యి దించుకోవడమే కళ్ళముందు తిరుగుతోంది. నేను ఇలాంటిదాన్ని కాదండీ, ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు పేషెంటు తాలూకా వాళ్ళు నా పేరు అడిగి మరీ పిలిచేవారు.

ఇంకోటి, నైట్ దిగి స్కూటీ మీద వస్తూ డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఆగిన చోటే కళ్ళు మూసుకుపోయాయి, వెనకాల ఆటో అతను హారన్ కొడితే గానీ తెలివి రాలేదు. ఇంట్లో చెప్పలేదు, చెప్తే మానేయమంటారు. మానేస్తే బాబు స్కూలు ఫీజు ఎలగ?

పోస్ట్ బేసిక్ బీఎస్సీ చెయ్యాలని పెళ్ళికి ముందు నుంచీ ఉంది. మా బ్యాచ్‌లో ఇద్దరు చేసేశారు, ఒకామె విలేజ్ క్లినిక్‌లో ఉద్యోగం కూడా తెచ్చుకుంది. నేనేమో పుస్తకం తెరిస్తే రెండు పేజీలు తిరగవు. డ్యూటీ నుంచి వచ్చి కాసేపు నాకోసం ఉందామంటే అత్తమ్మ మనసు చిన్నబుచ్చుకుంటారు, "వచ్చి పడుకోడమేనా, పిల్లడు నీకోసమే చూస్తాడు" అంటారు, ఆవిడ అనేదీ తప్పు కాదు. మా ఇన్‌చార్జి సిస్టర్‌ని నైట్లు తగ్గించమని అడిగితే "అందరికీ పిల్లలున్నారమ్మా" అన్నారు.

ముందు చదువా, ముందు ఆరోగ్యమా? ఈ రెండూ ఒకేసారి అయ్యే పనేనా? మీరెవరైనా ఇలాంటి రోజులు దాటి వచ్చి ఉంటే ఏటి చేశారో చెప్పండి.

విజీనగరం_పెద్దప్ప

చెల్లీ, నాది విజయనగరం, సర్కారు కొలువులో 27 ఏళ్ళు అయింది, ఇప్పుడు హెడ్ నర్సుని. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఆ ముసలమ్మ గురించి నువ్వు ఇంత బాధపడుతున్నావంటే నీ మనసు బాగానే ఉంది, అలిసిపోయింది నీ ఒళ్ళు. ఈ రెండూ కలిపేసుకుని నేను చెడ్డ నర్సునైపోయాను అనుకోకు.

నా సంగతి ఒకటి చెప్తాను, ఇన్నేళ్ళలో ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నాకప్పుడు 31 ఏళ్ళు, అప్పట్లో పనిచేసిన చోట ఆరో నైట్. తెల్లవారి నాలుగు అవుతోంది, లాసిక్స్ ఇంజెక్షన్ ఇవ్వాలి, ఒంట్లో నీరు తీసే మందు. ట్రేలోంచి ఆంప్యూల్, చిన్న గాజు సీసా, తీశాను, విరవబోతూ ఎందుకో అలవాటు కొద్దీ ట్యూబులైటు కిందికి వెళ్ళి పేరు ఇంకోసారి చదివాను. పొటాషియం క్లోరైడ్. నీకు చెప్పక్కర్లేదు, అది డైల్యూట్ చెయ్యకుండా నరంలోకి తోస్తే గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆంప్యూల్ ట్రేలో పెట్టేసి పది నిమిషాలు గోడకి ఆనుకుని నిలబడిపోయాను, కాళ్ళు కదల్లేదు. ఆ రోజు నుంచి నాకు ఒకటి బోధపడింది, నేను నిద్రపోకపోతే ఆ నష్టం నా ఒక్కదానితో పోదు. నిద్ర నా సొంత సుఖం అనుకోవడం ఆ రోజే మానేశాను. తీసేటప్పుడు, నింపేటప్పుడు, ఇచ్చేటప్పుడు, మూడుసార్లు పేరు చదవాలని మనకి నేర్పించారే, ఆ మూడోసారి చదవడానికి కావాల్సిన తెలివి నిద్రలోంచే వస్తుంది.

అందుకని ముందు నిద్ర సంగతి చూడు. మొదటి నైట్‌కి వెళ్ళేముందు మధ్యాహ్నం గంటన్నర పడుకో, పని వదిలేసి పడుకో. నైట్‌లో మీరు ఇద్దరు కదా, మూడింటికో నాలుగింటికో పనులు సర్దుకున్నాక ఒకరు చూస్తుంటే ఒకరు ఇరవై నిమిషాలు కుర్చీలోనే కళ్ళు మూసుకోండి, అంతకన్నా ఎక్కువ పడుకుంటే లేచాక ఇంకా మబ్బుగా ఉంటుంది. టీ రెండింటి తర్వాత వద్దు, అది ఒంట్లో గంటల తరబడి ఉండి ఇంటికొచ్చాక నిద్ర పట్టనివ్వదు. దిగి వచ్చేటప్పుడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకో, పొద్దుటి ఎండ కంట్లో పడితే మెదడు తెల్లారిందనుకుని నిద్ర పారిపోతుంది. ఇంట్లో కిటికీకి పాత దుప్పటి కట్టు, ఫోను పక్కగదిలో పెట్టు.

స్కూటీ మాత్రం నైట్లు ఉన్నన్నాళ్ళు తియ్యొద్దు. దండం పెట్టి చెప్తున్నాను. మన 16 నంబర్ హైవే మీద నైట్ దిగి వస్తూ పడిపోయిన పిల్లల్ని నేను క్యాజువాల్టీలో అందుకున్నాను. ఆటోకి నలభై రూపాయలు అవుతాయి, కానీ నలభై రూపాయలే.

అత్తమ్మ గారి విషయం. ఆవిడకి నైట్ డ్యూటీ అంటే ఏమిటో తెలీదు, మనం చెప్పం, వాళ్ళు ఊహించుకోలేరు. ఒక ఆఫ్ రోజున పక్కన కూర్చుని ఆ రాత్రి ఏమేం చేశావో గంట గంటకీ చెప్పు, ఆ ముసలమ్మ సంగతీ చెప్పు, జంక్షన్లో నిద్రపోయిన సంగతి కూడా చెప్పు. మా అత్తగారికి నేను పొటాషియం సంగతి చెప్పాక పదేళ్ళు నా గది తలుపు ఎవరినీ కొట్టనివ్వలేదు. బాబుకి కూడా ఒక గంట నీది అని పెట్టు, సాయంత్రం లేచాక అయిదు నుంచి ఆరు, ఆ గంటలో ఫోనూ వంటా ఏదీ వద్దు.

ఇంకోటి, ఈ వారంలోనే రక్తానికి సీబీసీ, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, షుగరు చేయించుకో. మనం ఊరందరి చెయ్యీ పట్టుకుని రక్తం తీస్తాం, మన చెయ్యి మాత్రం ఎవరికీ ఇవ్వం. ఆడవాళ్ళలో ఈ నీరసం, ఈ చిరాకు చాలాసార్లు రక్తం తక్కువై వస్తాయి.

ఉద్దానం_సిస్టర్

పెద్దప్ప చెప్పినదానికి నాది ఒకటి కలుపుతాను. నేను పలాస వైపు డయాలిసిస్‌లో చేస్తున్నాను, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, అన్ని వైపుల నుంచీ మా దగ్గరికి వస్తారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంతమందికి ఎందుకొస్తోందో ఇదీ అని ఒక్క కారణం ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలయ్యాక విశాఖ పరుగులు కొంత తగ్గాయి, కానీ మిషన్ మీద నాలుగేసి గంటలు, వారానికి రెండు మూడుసార్లు, ఏళ్ళ తరబడి వచ్చేవాళ్ళే అంతా. మేమూ వాళ్ళూ ఒక ఇంటివాళ్ళలా అయిపోతాం.

మా దగ్గర ఒక తాత ఉండేవాడు, కొబ్బరితోట ఉండేది ఆయనకి. డయాలిసిస్ వాళ్ళకి నీళ్ళు కొలిచి తాగాలి కదా, ఎంత దాహమేసినా గ్లాసులో గీత దాటకూడదు. ఒకరోజు మిషన్ తీస్తుంటే నా వైపు చూసి "అమ్మా, పొద్దుట్నుంచి నాలుగ్గంటలు నిన్నే చూస్తన్నాను, ఒక్క గుక్క నీళ్ళు తాగలేదు నువ్వు. నాకు తాగొద్దన్నారు కాబట్టి తాగను, నీకెవరు వద్దన్నారు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నిజానికి నేను నీళ్ళు తాగకపోడానికి కారణం బాత్రూముకి వెళ్ళాల్సొస్తుందని, వెళ్తే మూడు మిషన్లు ఎవరు చూస్తారని. ఆ నెలలోనే చలిజ్వరం, నడుంనొప్పి వచ్చి పడిపోయాను, యూరిన్ కల్చర్‌లో ఈ.కోలై అనే బాక్టీరియా వచ్చింది. కిడ్నీ పేషెంట్లకి సేవ చేస్తూ నా కిడ్నీకే ఇన్ఫెక్షన్ తెచ్చుకున్నాను.

జ్వరం తగ్గాక ఒక పని చేశాను, నువ్వూ చెయ్యి. పేషెంటుకి రాస్తామే ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు, అది నా పేరు మీద రాసుకున్నాను, ఏడు రోజులు. పేరు, వయసు, తేదీ, అచ్చం అలాగే. ఎన్ని ఎంఎల్ తాగాను, ఎన్నిసార్లు వెళ్ళాను, ఏం తిన్నాను, ఎన్నింటికి, ఎన్ని గంటలు నిద్ర. మొదటి రోజు పన్నెండు గంటల డ్యూటీలో 400 ఎంఎల్, యూరిన్ ఒక్కసారి. అలాంటి చార్టు ఏ బెడ్ దగ్గరైనా చూస్తే మనం డాక్టరుకి ఫోన్ చేసి లేపేస్తాం కదా? ఆ కాగితం చూశాక ఇంకెవరూ నాకు చెప్పక్కర్లేకపోయింది. ఇప్పుడు లీటరు సీసా మీద మార్కరుతో గీతలు గీసి టైములు రాసి పెట్టుకుంటాను. ఇంటి దగ్గర నుంచి చోడి (రాగి) అంబలి పల్చగా మజ్జిగ కలిపి తెచ్చుకుంటాను, రాత్రి ఒంటిగంటకి అది తాగితే పొట్ట బరువు ఉండదు, క్యాంటీన్ పరోటాలు మానేశాక తెల్లారుజామున వచ్చే మంటా పోయింది.

చదువు విషయం. నేనూ జీఎన్ఎమ్మే, పోస్ట్ బేసిక్ ఇంకా చెయ్యలేదు. కానీ నేర్చుకోవడం అంటే కాలేజీ ఒకటే అనుకోవద్దు. మూడేళ్ళ క్రితం ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ పెట్టాను. ఫిస్టులా (డయాలిసిస్ సూది కోసం చేతిలో ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న ప్రతి పేషెంటుకి ఒక పేజీ, చెయ్యి బొమ్మ గీసి ఏ రోజు ఎక్కడ సూది పెట్టానో చుక్క పెడతాను. ఒకేచోట పొడుస్తూ ఉంటే అక్కడ నరం ఉబ్బి పాడవుతుంది కాబట్టి నిచ్చెన మెట్లలా జరుపుకుంటూ వెళ్ళాలి, రోప్ ల్యాడర్ అంటారు, పుస్తకంలో రెండు లైన్లే ఉంటుంది, కానీ బొమ్మ గీస్తే గానీ చేతికి రాలేదు నాకు. ఫిస్టులా మీద వేళ్ళు పెడితే బుర్రుమని తెలుస్తుంది కదా, అది రోజూ ఇంట్లో చూడమని వాళ్ళ ఆడవాళ్ళకి నేర్పించాను. ఒకామె ఒక పొద్దున్న "సిస్టరమ్మా, ఇవాళ బుర్రు లేదు" అని ఫోన్ చేసింది, వెంటనే పంపించాం, ఫిస్టులా దక్కింది. ఆ రోజు నాకు డిగ్రీ వచ్చినంత సంతోషం. ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకి ఆ నోట్‌బుక్కే చూపించి చెప్తాను. నీ ఐసీయూలో కూడా ఇలాంటిది ఒకటి పట్టుకో, వెంటిలేటర్ అలారాలు గానీ, కదలకుండా పడుకున్నవాళ్ళకి వచ్చే పుండ్లు, బెడ్‌సోర్లు గానీ. రోజుకి పావుగంట చాలు. అలిసిన మెదడుకి అనాటమీ పేజీలు ఎక్కవు, నువ్వు రోజూ చూసేది అయితే ఎక్కుతుంది.

క్లాసురూం_అక్క

నేను నర్సింగ్ స్కూల్లో ట్యూటర్‌ని, ఎమ్మెస్సీ సైకియాట్రిక్ నర్సింగ్. పైనవాళ్ళు ఒంటి గురించి చెప్పారు కాబట్టి నేను మనసు, కోర్సులు చెప్తాను.

నీకు జరుగుతున్నదానికి పేరుంది, బర్నవుట్. క్రిస్టినా మాస్లాక్ అనే ఆవిడ మూడు గుర్తులు చెప్పారు, లోపల అంతా ఇంకిపోయినట్టు ఉండటం, ఎదుటి మనిషి మనిషిలా కాక పనిలా కనిపించడం, నేను చేసేది ఎందుకూ పనికిరాదు అనిపించడం. నీళ్ళడిగిన మనిషి మీద అరవడం ఆ రెండోది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీన్ని జబ్బుల్లో వెయ్యలేదు, పనిచేసే చోటుకి సంబంధించిన సమస్యగా పెట్టింది. ఇది నీకు ముఖ్యం, ఎందుకంటే లోపం నీలో ఉందనుకుంటున్నావు నువ్వు. నర్సుల అంతర్జాతీయ మండలి నీతి నియమావళిలో కూడా నర్సు తన గౌరవాన్నీ ఆరోగ్యాన్నీ విలువగా చూసుకోవాలని రాశారు, 2021లో సవరించిన దాంట్లో ఉంది. నాకోసం కాసేపు ఉండటం స్వార్థమా అని ఎవరైనా అంటే మన వృత్తి నియమాల్లోనే ఉందని చెప్పు.

ఐసీయూలో చావులు ఎక్కువ చూస్తావు. పోయినవాళ్ళని ప్యాక్ చేసి పంపి పది నిమిషాల్లో అదే బెడ్డు మీద కొత్త కేసు దించుకుంటావు, ఆ మధ్యలో నీ మనసు సర్దుకోడానికి చోటే లేదు. అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ ఆసుపత్రిలో జొనాథన్ బార్టెల్స్ అనే నర్సు ఒక పద్ధతి మొదలుపెట్టాడు, పాజ్ అంటారు. మనిషి పోయాక ఆ గదిలో ఉన్న అందరూ ఒక్క నిమిషం పాటు పనులు ఆపి మౌనంగా నిలబడతారు, ఈయన ఎవరికో తండ్రి, ఎవరికో అన్న, మనం చెయ్యగలిగింది చేశాం అని తలుచుకుని తర్వాత వేరే పనిలోకి వెళ్తారు. మా పిల్లలకి నేర్పించాను. ఒక అమ్మాయి చెప్పింది, క్లినికల్ పోస్టింగ్‌లో పేషెంటు పోతే తను చేతులు కడుక్కుంటూ ఆ నిమిషం తీసుకుంటుందట, పక్కన వార్డ్ బాయ్ కూడా వచ్చి నిలబడ్డాడట. నువ్వు ఒక్కదానివే అయినా చెయ్యొచ్చు. ఇంకా మనసు బరువుగా ఉండి ఏడుపు ఆగకపోయినా, బతకాలని లేదనిపించినా 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక చదువు. పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్ళు, జీఎన్ఎం రిజిస్ట్రేషన్ ఉండాలి, విజయవాడ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ వేస్తుంది. ఇది రెగ్యులర్ కోర్సు, రోజూ క్లాసులూ క్లినికల్సూ ఉంటాయి. ఫుల్ నైట్లు వేస్తూ చేసేయొచ్చు, కాలేజీకి రానక్కర్లేదు, అటెండెన్స్ మేం చూసుకుంటాం అని ఎవరైనా చెప్తే దగ్గరికి వెళ్ళకు, రేపు సర్టిఫికెట్ దగ్గర ఇబ్బంది పడేది నువ్వే. చేరేముందు ఆ కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లిస్టులో ఆ ఏడాదికి సీట్లు ఉన్నాయో లేవో చూసుకో. కాబట్టి రెండేళ్ళకి జీతం లేకుండా ఇల్లు ఎలా నడుస్తుందో మీ ఆయనతో కూర్చుని లెక్క వేసుకోవాలి, ఏడాది ముందు నుంచి దాచుకోవాలి. అదే నిజమైన ప్రిపరేషన్.

ఈలోగా చెయ్యగలిగినవి ఉన్నాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఐదేళ్ళలో 150 గంటల సీఎన్ఈ (ఉద్యోగంలో ఉన్న నర్సుల కోసం పెట్టే శిక్షణ క్లాసులు) ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టింది, ఆ లెక్కన ఏడాదికి ముప్పై గంటలు. సర్టిఫికెట్ మీద స్టేట్ కౌన్సిల్ క్రెడిట్ అవర్స్ ఉన్నాయో లేదో చూసుకుని వెళ్ళు, లేనివి లెక్కలోకి రావు. నీ ఎన్‌యూఐడీ (ప్రతి నర్సుకీ ఇచ్చే గుర్తింపు నంబరు) వివరాలు సరిగ్గా ఉన్నాయా చూసుకో, పెళ్ళయ్యాక ఇంటిపేరు మారి ఇబ్బంది పడే అమ్మాయిల్ని రోజూ చూస్తున్నాను. ఐసీయూలో ఉన్నావు కాబట్టి గుండె ఆగినప్పుడు ప్రాణం నిలిపే శిక్షణలు బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ చెయ్యి, విశాఖలో అవుతాయి, ఒకటి రెండు రోజులే, సర్టిఫికెట్ రెండేళ్ళు చెల్లుతుంది. ఎయిమ్స్ వాళ్ళ నర్సు ఉద్యోగాల పరీక్ష నార్సెట్ కూడా చూడు, జీఎన్ఎం వాళ్ళకి 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ళ అనుభవం ఉంటే రాయొచ్చు, పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్ళకే, మూల జీతమే 44,900. వయసు 30 దాకా, రిజర్వేషన్ ఉంటే సడలింపు ఉంటుంది. నీకు 28 కాబట్టి దీనికి మాత్రం టైము తక్కువ, ముందు ఇది చూసుకో.

బొబ్బిలి_బ్రదర్

అందరూ బాగా చెప్పారు, కానీ నాకు ఒకటి బాధగా ఉంది. అంతా ఆ చెల్లి ఏం చెయ్యాలో చెప్తున్నారు, నీళ్ళు తాగు, కళ్ళద్దాలు పెట్టుకో, నోట్‌బుక్ రాయి. ఎనిమిది ఐసీయూ బెడ్లకి ఇద్దరు అంటే అది మనిషి చేసే పని కాదు. వెంటిలేటర్ పేషెంటుకి ఒక నర్సు ఉండాలి, వెంటిలేటర్ లేనివాళ్ళయితే ఇద్దరికి ఒకరు. నేను నాలుగేళ్ళు ఇలాంటి చోటే చేసి నడుం డిస్కు పోగొట్టుకుని మానేశాను, వంద కిలోల మనిషిని ఒక్కణ్ణే పక్కకి తిప్పేవాణ్ణి, ఏ యోగా చేసినా ఆ నడుం నిలబడేది కాదు. జీతం సంగతి కూడా అంతే, సుప్రీంకోర్టు చెప్తే 2016లో వేసిన కమిటీ 50 పడకల లోపు ప్రైవేట్ ఆసుపత్రిలో కూడా నర్సుకి 20 వేలకి తగ్గకూడదని, 200 దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని రాసింది. సిఫార్సు కాబట్టి అమలు చేసే బాధ్యత రాష్ట్రాలది, మన చుట్టూ ఎంతమందికి వస్తోందో మీకే తెలుసు. చెల్లీ, నీ ఒంటిని నువ్వు చూసుకో, తప్పకుండా చూసుకో, కానీ ఆ రోస్టరు మారకపోతే ఆరు నెలలకి మళ్ళీ ఇక్కడికే వస్తావు.

విజీనగరం_పెద్దప్ప

బ్రదర్ చెప్పింది నిజం, నేను రాయాల్సింది, రాయలేదు. చెల్లీ, నువ్వు ఒక్కదానివే వెళ్ళి అడిగావు కాబట్టి "అందరికీ పిల్లలున్నారు" అనే మాట వచ్చింది. ఆ అందరినీ తీసుకెళ్ళు. ఐసీయూ పిల్లలు ఎంతమంది ఉంటే అంతమంది సంతకాలు పెట్టి ఒక కాగితం రాయండి, గొడవలా వద్దు, కొత్త రోస్టరు మీరే వేసి ఇవ్వండి. ఏడు నైట్ల బదులు మూడో నాలుగో, తర్వాత రెండు ఆఫ్‌లు. నేను హెడ్ నర్సుని, రోస్టరు వేసేదాన్ని, ఎవరైనా లెక్కలు వేసి తయారుచేసి తెస్తే కాదనడం నాకు కష్టం. ఫిర్యాదు తెస్తేనే కాదనేస్తాం. గత మూడు నెలల్లో ఎన్ని ఆఫ్‌లు పోయాయో, ఎంతమంది సిక్ లీవ్ పెట్టారో కూడా రాయండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

చీపురుపల్లి_నాన్న

నేను నర్సుని కాదు, మా ఆవిడ నర్సు. ఈ పోస్టు ఆవిడే చూపించింది. మీ ఆయనకి జంక్షన్ సంగతి చెప్పలేదన్నారు, చెప్పండమ్మా. మా ఆవిడా నాకు రెండేళ్ళు ఏదీ చెప్పలేదు, ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి అక్కడే గోడకి ఆనుకుని నిలబడి నిద్రపోయింది, నేను చూశాను కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి పొద్దున్న వంట నాది, నైట్ ఉన్నప్పుడు దింపడం తీసుకురావడం నాది. రాకపోతే నేర్చుకున్నాను, పప్పుచారు, వేపుడు వస్తాయి ఇప్పుడు. చెప్తే మానేయమంటారని మీరు భయపడుతున్నారు, నేనూ మొదట అదే అన్నాను, కానీ ఆవిడ "నాకు ఈ పని ఇష్టం, చెయ్యి పట్టుకో చాలు" అంది. మీరూ ఆ మాటే చెప్పండి.

నాగావళి_గట్టు

మూడు వారాలు అయింది, ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు. మీరు రాసినవి అన్నీ డ్యూటీలో నా జతగా ఉండే అమ్మాయికి కూడా చదివి వినిపించాను, ఇద్దరం ఏడ్చాం.

పెద్దప్పా, రక్తం చేయించాను, హిమోగ్లోబిన్ 8.6. థైరాయిడ్, షుగరు బాగానే ఉన్నాయి. డాక్టరు గారు చూసి "ఇన్నాళ్ళు ఎలా నిలబడ్డావు" అన్నారు, ఐరన్ మాత్రలు రాశారు, నెలసరి ఎక్కువ అవుతోందని స్కానింగు కూడా రాశారు, వచ్చే సోమవారం. నేను ఆరేళ్ళుగా అందరి కళ్ళ కింది రెప్ప లాగి పాలిపోయిందా అని చూస్తున్నాను, అద్దంలో నా రెప్ప ఒక్కసారి లాగి చూసుకోలేదు.

మా ఆయనకి జంక్షన్ సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత స్కూటీ తాళం తీసుకుని జేబులో వేసుకున్నారు. ఇప్పుడు పొద్దున్న మిల్లుకి వెళ్ళేముందు వచ్చి తీసుకెళ్తున్నారు. అత్తమ్మకి రాత్రి సంగతులు గంట గంటకీ చెప్పాను పెద్దప్ప చెప్పినట్టే, ఆ గార ముసలమ్మ దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు పూడుకుపోయింది. అత్తమ్మ ఏమీ అనలేదు, మర్నాడు నేను వచ్చేసరికి గదికి పాత చీర రెండు మడతలు వేసి కట్టి ఉంది, బాబుని పక్కింటికి తీసుకెళ్ళిపోయారు. అయిదు నుంచి ఆరు మా ఇద్దరిదీ, నాగావళి గట్టు మీదకి వెళ్ళి వస్తున్నాం, వాడు రాళ్ళు ఏరుతాడు, నేను కూర్చుంటాను.

రోస్టరు కాగితం ఏడుగురం సంతకాలు పెట్టి ఇచ్చాం. బ్రదర్ మాట మీద మూడో నర్సుని కూడా అడిగాం, ఇంకా రాలేదు, చూస్తామన్నారు. నైట్లు మాత్రం ఏడు నుంచి నాలుగు చేశారు, తర్వాత రెండు ఆఫ్‌లు, నెల రోజులు చూసి ఉంచుతామన్నారు. ఉద్దానం అప్పా, నా చార్టు మొదటి రోజు 350 ఎంఎల్ వచ్చింది, ఇప్పుడు సీసా మీద గీతలు గీసుకున్నాను. నోట్‌బుక్ కూడా మొదలుపెట్టాను, బెడ్‌సోర్ల మీద, ఎన్నింటికి ఏ పక్కకి తిప్పామో బెడ్డు వారీగా రాస్తున్నాను, రెండో బెడ్డు తాతకి నడుం దగ్గర ఎర్రబడింది నాలుగు రోజులకి తగ్గింది. క్లాసురూం అక్కా, ఎన్‌యూఐడీలో నా ఇంటిపేరు పాతదే ఉంది, మార్చడానికి పెట్టాను. నార్సెట్‌కి కట్టేస్తాను, పోస్ట్ బేసిక్ వచ్చే ఏడాదికి అనుకుని పోస్టాఫీసులో నెలకి మూడు వేలు వేస్తున్నాం.

ఒకటే ఇబ్బంది, ఐరన్ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోంది, నైట్లు ఉన్నప్పుడు ఎన్నింటికి వేసుకోవాలో తెలీక రెండు రోజులు మానేశాను.

విజీనగరం_పెద్దప్ప

మానొద్దు చెల్లీ. నైట్ ఉన్నప్పుడు సాయంత్రం లేచి తిన్నాక గంటకి వేసుకో, అప్పటికీ తిప్పితే తిన్న వెంటనే వేసుకో, కొంచెం తక్కువ పట్టినా మానడం కన్నా నయం. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. టీ, కాఫీ, పాలు దానికి ముందూ వెనకా రెండేసి గంటలు వద్దు, ఉద్దానం సిస్టర్ చెప్పిన మజ్జిగ అంబలి తాగుతుంటే అది కూడా దూరంగా ఉంచు. మోషన్ నల్లగా వస్తుంది, కంగారుపడకు. అయినా తగ్గకపోతే డాక్టరు గారిని అడుగు, రోజు విడిచి రోజు ఇస్తారు లేకపోతే మందు మారుస్తారు. స్కానింగు మాత్రం వాయిదా వెయ్యొద్దు, రక్తం ఎక్కడ పోతోందో తెలియకుండా మాత్రలు పోస్తే చిల్లుకుండలో నీళ్ళే. సోమవారం రిపోర్టు వచ్చాక ఇక్కడే పెట్టు, నెలకి సీబీసీ మళ్ళీ చేయించి ఆ నంబరు కూడా.